ఎర్రగాలిదిన్నె ఇరుచేలమ్మ: వీపు లేని తల్లి వెలసిన వైనం

ఎర్రగాలిదిన్నె ఊరు దాటి కంకర బాట వెంట మైలున్నర నడిస్తే, రెండు మెట్ట చేల నడుమ ఒక గట్టు వస్తుంది. ఆ గట్టు మీదే ఇరుచేలమ్మ తల్లి కొలువై ఉన్నది. గోపురం కోసం వెతుక్కుంటూ వచ్చిన భక్తులు చాలామంది గుడిని దాటిపోయి, ముందున్న బోరింగు దగ్గర దారి అడిగి, మళ్ళీ వెనక్కి వస్తూ ఉంటారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఇక్కడ గోపురం లేదు, ప్రాకారం లేదు, కనీసం పైకప్పు కూడా లేదు. రెండు పెద్ద కానుగ చెట్లు, వాటి మధ్య మోకాటి ఎత్తు నల్లరాయి, అంతే.

మొదటిసారి వచ్చినవారు అమ్మవారి ఎదుట నిలబడి దండం పెట్టుకుంటారు. ప్రదక్షిణం చేస్తూ అవతలి వైపుకు చేరేసరికి అక్కడా రెండు కళ్ళు, ముక్కు, కుంకుమ బొట్టు కనిపిస్తాయి. ఏది ముందో ఏది వెనకో తేలక, దేనికైనా మంచిదని మళ్ళీ దండం పెడతారు. ఈ తల్లికి వీపు లేదు. పూజారి తూర్పున ఒకసారి, పడమట ఒకసారి హారతి ఇస్తాడు. ఏ వైపు మొదట ఇవ్వాలన్న విషయంలో ఒకప్పుడు తగవులు జరిగాయట. అందువల్ల రోజు మార్చి రోజు వైపు మారుస్తున్నారు.

అంతకన్నా విడ్డూరం ప్రసాదం సంగతి. ఇక్కడ ప్రసాదంగా చేతిలో ఒక మొక్క పెడతారు. పెట్టి, దాన్ని సొంత చేలో నాటుకోకూడదని గట్టిగా చెబుతారు. సొంతానికి పనికిరాని ప్రసాదం ఎక్కడైనా ఉంటుందా అని చిన్ననాటి నుంచి నాకు సందేహం. అడిగిన ప్రతిసారీ మా పెద్దలు "అదంతే" అన్నారు. "అదంతే" అన్న జవాబుతో ఊరుకునే స్వభావం నాకు లేదు. ఈ దిన్నె చుట్టుపక్కల ఊళ్ళలో పండుముసలివారిని కదిలించి, వారు చెప్పిన నాలుగు రకాల కథల్లో అందరూ ఒప్పుకున్నంత మేరకు ఈ పుస్తకంలో పొందుపరిచాను.

పూర్వం ఇక్కడ ప్రతి గట్టు మీదా ఏదో ఒక చెట్టు ఉండేదట. వేప, కానుగ, రేగు, చింత. ఎవరూ పనిగట్టుకొని నాటినవి కావు, పిట్టలు వేసినవి, వాగునీరు తెచ్చినవి. ఊరికే వచ్చిన దానికి విలువ ఉండదు కదా. భూములు పంపకాలై, పదెకరాలు అయిదుగా, అయిదు రెండుగా చీలిన కొద్దీ రైతుల కన్ను ఒక్కొక్క సాలు మీదా పడింది. చెట్టు నీడన గింజ పాలు పోసుకోదన్నారు. కొమ్మ మీది పిట్ట కంకి తింటుందన్నారు. వేరు పైరు నోటి దగ్గరి తడి లాక్కుంటుందన్నారు. ఒకరి తరువాత ఒకరు గొడ్డళ్ళు అందుకున్నారు. వారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చెట్టు తీసుకునేది వారి కంటికి కనబడింది. ఇచ్చేది కనబడలేదు.

చివరికి మిగిలింది ఒకే ఒక కానుగ. ఆ చెట్టున్న గట్టుకు పడమర రెండెకరాలు సుంకక్కవి. భర్త పోయిన మనిషి. ఆమెకు ఇద్దరు పిల్లలు, ఏడు మేకలు. గట్టుకు తూర్పున రెండెకరాలు బొజ్జప్పవి. అతనికి ఒక జత ఎద్దులు, ఒక మంచి మడక, అంటే నాగలి, ఆ మడక పనితనం మీద మహా గర్వం. గట్టు అంచును ఒరుసుకుంటూ సాలు తోలగలవాడు ఈ దిన్నెలో తానొక్కడేనని చెప్పుకునేవాడు.

పొద్దున కానుగ నీడ సుంకక్క చేలో పడేది, సాయంత్రం బొజ్జప్ప చేలో పడేది. పొద్దుటి ఎండే పైరుకు ప్రాణమని, అది తనకు దక్కడం లేదని సుంకక్క వాదన. మాపటి నీడ సాగి సాగి సగం చేను కప్పేస్తుందని బొజ్జప్ప వాదన.

"నీ చెట్టు నీడ నీ చేలోనే పెట్టుకో అప్పా, నా కొర్ర మీదికి తోలొద్దు" అని ఆమె అనేది.

"నాదెట్లయితాది? మాపటేళ వచ్చి చూడక్కా, నీ నీడ యాడిదాకా పారతాండాదో" అని అతను అనేవాడు.

ఇంత తగవు ఉండి కూడా, మధ్యాహ్నం ఎండ మండిపోయేటప్పుడు ఇద్దరూ ఆ చెట్టు కిందికే వచ్చి, ఒకరికొకరు వీపు పెట్టుకొని సద్ది తినేవారట. నీడ గురించి పోట్లాడినంత కాలం చెట్టు "నీది" అంటే "నీది" అనుకున్నారు. కొట్టేద్దామని నిశ్చయమైన రోజున మాత్రం కట్టెల కోసం ఇద్దరూ "నాది" అన్నారు. పెద్దమనుషులు వచ్చి కట్టెలు చెరిసగం పంచి, మొద్దు కూడా పెరికి పంచుకోమన్నారు.

మొద్దు పెరుకుతూ ఉండగా బొజ్జప్ప గడ్డపార రాయికి తగిలి ఖంగుమంది. అప్పటికి రెండేళ్ళుగా సరైన వాన లేదు. చుట్టూ నేల పెంకులా బిగుసుకుపోయి ఉంది. ఆ వేళ్ళ కింద మన్ను మాత్రం చేతికి చల్లగా, తడిగా తగిలింది. ఆ తడిమన్నులో నల్లరాయి నిలబడి ఉంది. సుంకక్క కొంగుతో తుడిచి చూస్తే అమ్మవారి మొగం.

"తల్లి నా దిక్కు చూస్తాండాది" అన్నది ఆమె.

బొజ్జప్ప ఊరుకుంటాడా! తన వైపు తుడిచాడు. అటూ మొగమే. ఇద్దరూ నమ్మలేక రాయి చుట్టూ రెండుసార్లు తిరిగారు. అమ్మవారికి జరిగిన మొదటి ప్రదక్షిణం అదేనని, అది భక్తితో కాక అనుమానంతో చేసినదని ఇక్కడి పెద్దలు నవ్వుతూ చెబుతారు. ఆ కరువులో అక్కడ తడి ఎట్లా నిలిచిందని మాత్రం ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు. రాయిని ఆ గుంటలోనే ఉంచి, పసుపు రాసి, మాటలు మానుకొని ఎవరి చేనికి వారు పోయారు.

మరుసటి ఆషాఢంలో పడమటి గాలి లేచింది. ఏటా లేచే గాలే. కాని ఆ ఏడు దానికి అడ్డమన్నది లేదు. సుంకక్క చేలో పైమన్ను ఎర్రగా లేచి, గట్టు దాటి, బొజ్జప్ప చేలో మొలకలను పూడ్చేసింది. ఆమెకు మన్ను పోయింది, అతనికి పైరు పోయింది. ఈ ఊరికి ఎర్రగాలిదిన్నె అన్న పేరు ఆ ఏడు నుంచే వచ్చింది. అంతకు ముందు ఏ పేరుండేదో ఎంత అడిగినా నాకు దొరకలేదు.

పంచుకున్న కట్టెలు ఒక్క వానకాలానికి సరిపోయాయి. ఆ పైన పొయ్యిలోకి పుల్ల లేక ఊరంతా పేడను పిడకలు చేసి కాల్చుకున్నారు. పేడ పొయ్యిలోకి పోతే చేనికి ఎరువేది? మేకలకు రొట్ట లేక సుంకక్క ఏడు మేకలు మూడయ్యాయి. ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంకొక్క పంట చూస్తుంది. అది కూడా పోతే చేను బీడు పెట్టి, పిల్లలను తీసుకొని దూరదేశం చెరుకు కోతకు పోతుంది. అట్లా పోయినవారి గట్లు ఏడాది తిరిగేసరికి కరిగిపోయి, వారి చేలు పక్కవారి చేలలో కలిసిపోవడం అప్పటికి అందరూ చూస్తున్నదే. పోవడమంటే భూమి మీద ఆశ వదులుకోవడమేనని ఆమెకు తెలుసు.

ఆ ఎండాకాలం ఒక మిట్ట మధ్యాహ్నం బొజ్జప్ప బండి కింద కునుకు తీశాడు. సుంకక్క నిలువ నీడ లేక మొద్దు పెరికిన గుంటలో, అమ్మవారి పక్కన ఒరిగింది. ఒకే గడియలో తల్లి ఇద్దరి కలలోకీ వచ్చింది. సుంకక్కతో, "నా గట్టు మీద మొక్క నాటు. నీ పక్క కాదు, అవతలి పక్క. ఎందుకో అతన్ని అడుగు" అన్నది. బొజ్జప్పతో, "నీ మొక్క ఆమె పక్క నాటు. ఆమె మొక్కను నువ్వు సాకు. ఎందుకో ఆమెను అడుగు" అన్నది.

ఎవరో ఒకరికే అంతా విడమరిచి చెబితే పని తొందరగా అయ్యేది కదా అని నేను ఇప్పటి పూజారి నారెప్పను అడిగాను. "ఇద్దరినీ మాట్లాడించాలనే గదా సామీ ఆయమ్మ తిప్పలు" అన్నాడు.

తిప్పలు వెంటనే ఫలించలేదు. అడగమంటే అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. నా మొక్క అతని పక్క ఎందుకు నాటాలి, అమ్మ పొరబాటున అని ఉంటుందిలే అనుకొని, సుంకక్క వంక ఒడ్డు నుంచి కానుగ మొక్క తెచ్చి తన పక్కనే నాటుకుంది. నాలుగో రోజున ఆమె మేకే దాన్ని మొదలంటా కొరికేసింది. బొజ్జప్ప కూడా తన పక్కనే నాటుకున్నాడు. తొలకరి దుక్కిలో గట్టు అంచును ఒరుసుకుంటూ సాలు తోలే మహా పనితనం ఉంది కదా, తన మొక్కను తన మడకతోనే పెళ్ళగించాడు. ఎవరి మొక్క ఎట్లా పోయిందో రెండోవారికి తెలుసు. అయినా ఇద్దరూ నవ్వలేదు.

ఆ ఏటి పంటను కూడా గాలి మింగింది. చింకి చాపలు, రెండు గిన్నెలు మూట గట్టుకొని, పిల్లలను, మిగిలిన మేకలను వెంటబెట్టుకొని సుంకక్క అమ్మవారికి దండం పెట్టుకోవడానికి గట్టు మీదికి వచ్చింది. బొజ్జప్ప తన చేలోనే ఉన్నాడు.

"పోతాండా బొజ్జప్పా. అమ్మకు చెప్పి పోదామని వచ్చినా" అన్నది. రెండేళ్ళ తరువాత వారి మధ్య నడిచిన మొదటి మాట అది.

"మళ్ళీ ఎప్పుడొస్తావక్కా?"

"పోయినోళ్ళు ఎవరొచ్చినారప్పా?"

బొజ్జప్ప గట్టెక్కి ఆమె దగ్గరికి వచ్చాడు. "నీకేమన్నా కలొచ్చిందా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అతనూ చెప్పాడు. రెండు సగాలూ కలిపినా ఎందుకన్నది వారికి వెంటనే తట్టలేదు.

"నా మొక్కను నా మేకే తినె" అన్నది సుంకక్క. "అదే నీ మొక్కయితే మేకను కట్టేసుకుందును. లేకుంటే నీ నోట్లో పడాల గదా."

"నేనూ అంతేలేక్కా. నీదైతే మడకను సాలెడు ఇవతలే తిప్పుదును."

సొంత వస్తువంటే మనిషికి అలుసు. పక్కవారి వస్తువు పాడైతే మాట పడాలి. ముళ్ళకంచె కన్నా ఆ మాట పడతామన్న భయమే గట్టి కంచె. అమ్మవారి మనసులోని మాట అదేనని ఇద్దరికీ అప్పుడు తెలిసివచ్చింది. అప్పటికప్పుడు వంక దగ్గరికి పోయి రెండు కానుగ మొక్కలు తెచ్చారు. ఆమె మొక్కను అతని పక్క, అతని మొక్కను ఆమె పక్క నాటారు.

మూట ఎత్తుకుంటూ సుంకక్క ఆగింది. "నేను పోతే నా పక్కనుండే నీ మొక్కకు నీళ్ళెవరు పోస్తారు?"

"నువ్వు పోయి రా అక్కా. రెండిటికీ నేనే పోస్తాలే."

అన్నమాట అన్నట్టే నిలబెట్టుకున్నాడు. వంకలో చెలమ తోడి, కావడిలో రెండు కుండలు మోసుకొచ్చి, ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క కుండ పోసేవాడు. పడమటి గాలికి లేతమొక్కలు వాలిపోతూ ఉంటే, గాలిని ఆపడానికి సుంకక్క చేనికి పడమటి గట్టు పొడవునా అవిసె చెట్ల విత్తనాలు వేశాడు. ఊరు ఊరుకోలేదు. మొగదిక్కు లేని ఆడమనిషి చేలో ఇతను చెట్లు పెంచడమేమిటన్నారు. చెట్టు చూపించి చేను కాజేస్తాడు చూడండన్నారు. బొజ్జప్పకు కోపం వచ్చేది, కాని కావడి దించి జవాబు చెబుతూ కూర్చుంటే నీళ్ళకు ఆలస్యమవుతుందని నడిచిపోయేవాడు.

ఆ మాట కోతపనికి వచ్చినవారి వెంట నడిచి నడిచి, ఏడాది తిరిగేలోగా చెరుకు తోటల్లో ఉన్న సుంకక్క చెవిన పడింది. "నీ చేలో బొజ్జప్ప తోపు పెంచుతాండాడంట" అన్నారు. ఆమె నమ్మింది. గట్లు జరిపిన కథలు వింటూ పెరిగిన మనిషి, నమ్మడంలో ఆమె తప్పేమీ లేదు. పిల్లలను, మేకలను తోలుకొని, మూడు రోజులు నడిచి, ఇంటికి కూడా పోకుండా నేరుగా చేనికి వచ్చింది.

వచ్చి చెట్లను చూడలేదు. ముందుగా గట్టు రాళ్ళు చూసింది. ఉన్నచోటనే ఉన్నాయి. ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులతో కొలుచుకుంది. ఒక్క అడుగు కూడా తగ్గలేదు. బొజ్జప్ప పక్క చూస్తే, గట్టు అంచును ఒరుసుకునే మడక సాలెడు దూరం వదిలి తిరిగిపోయిన గీత కనబడింది. అప్పుడు తల ఎత్తింది. పడమటి గట్టున అవిసె మనిషెత్తు దాటి వరుసగా నిలబడి ఉంది. దాని మొదట్లో రాలిన ఆకు మన్నును కప్పి ఉంది. మేకలు అప్పటికే వెనకకాళ్ళ మీద లేచి నిలబడి ఆకు అందుకుంటున్నాయి.

బొజ్జప్ప కావడితో ఎదురొచ్చాడు.

"నా చేను మింగుతాండావని ఊరంతా చెప్పుకుంటాండారు" అన్నది సుంకక్క. గొంతులో కోపం ఇంకా పోలేదు.

అతను కావడి దించాడు. "నీ చెట్టు నా చేలో ఉండాది, నా చెట్టు నీ చేలో ఉండాది. నేను నీది మింగితే నువ్వు నాది మింగినట్టే గదక్కా. ఇంగ ఎవరికి ఎవరం భయపడాల? ఆ అవిసె అంతా నీదే. కొట్టుకో, మేపుకో."

సుంకక్క అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడ్చి లేచి, కావడిలో నుంచి ఒక కుండ తీసుకొని తన పక్కనున్న అతని మొక్కకు పోసింది.

ఆ ఏడు ఆమె చేలో గాదెలు నిండే పంట రాలేదు. చెట్టు ఒక్క ఏడాదిలో అన్నం పెట్టదు. కాని మన్ను లేచిపోలేదు, మేకలు బతికాయి, ఎండిన అవిసె పుల్లలు పొయ్యిలోకి వచ్చాయి, పేడ చేనికి మిగిలింది. ఊరు విడవకుండా ఉండడానికి అది చాలింది. తరువాతి ఏడు ఇంకొంచెం మేలు. కానుగలు పెరిగి నీడ పరిచే నాటికి పాత తగవు మళ్ళీ తలెత్తబోతే, ఇద్దరూ అమ్మవారి ఎదుట కూర్చుని ఒక కట్టడి చేసుకున్నారు: కాయ నాటినవారిది, ఆకు నీడ మోసినవారిది. అంటే ఎవరి చేలో నీడ పడుతుందో వారే విత్తనానికి ముందు కొమ్మ నరికి, ఆ ఆకును తమ చేలో తొక్కుకుంటారు. నీడా తగ్గుతుంది, ఎరువూ దక్కుతుంది. ఇంత చిన్న మాటకు అంత పెద్ద తగవు ఎందుకు పడ్డామా అని ముసలితనంలో ఇద్దరూ నవ్వుకునేవారట.

ఇది చూసి తక్కిన గట్ల వారూ మొక్కలు మార్చుకున్నారు. ఇప్పుడు ఈ దిన్నె మీద గట్టు గట్టుకూ కానుగ, వేప, చింత, మునగ, సీతాఫలం కనిపిస్తాయి. వాన తప్పిన ఏట కూడా చింతపండో, సీతాఫలమో, మేకపిల్లో ఇంటిని గట్టెక్కిస్తున్నాయి. అమ్మవారి దీపానికి ఈ చెట్ల కానుగ నూనే వాడతారు. మండు వేసవిలో ఆమె పాదాల దగ్గర మన్ను తడిగా తగులుతుంది. అది తల్లి చెమట అని కొందరు, చెట్టు వేళ్ళ మహిమ అని కొందరు అంటారు. నేను రెండు వేళ్ళతో తాకి చూశాను. తడి ఉన్న మాట నిజం. మిగిలినది భక్తుల విశ్వాసానికే వదిలిపెడుతున్నాను.

ఏటా ఏరువాక పున్నమి మరునాడు ఇక్కడ మారుమొక్కల ఉత్సవం జరుగుతుంది. గట్టుకు ఇరువైపుల రైతులు కలిసి వచ్చి, మొక్కలు మార్చుకొని, ఒకరి చేతిలో ఒకరు తీర్థం పోసుకుంటారు. తీర్థం పోసే చెయ్యి పక్కవారిదే కావాలి గనుక, ఒంటరిగా వచ్చినవారికి ఆ రోజు తీర్థం లేదు. భార్యాభర్తలు వచ్చినా ఒంటరి కిందే లెక్క. భూమి లేని పట్నవాసులు గోడ పక్కవారితో రావచ్చునని ఈ మధ్య సడలించారు. పక్కింట్లో ఎవరుంటారో తెలియక ఆగిపోయినవారూ ఉన్నారు. ఈ మొక్కు చెల్లించినవారికి గట్టు తగవులు తీరుతాయని, పాడిపంటలు నిలుస్తాయని, కట్టుకున్న గూడు విడిచి పోవలసిన అవస్థ రాదని పెద్దల మాట.

నిరుటి ఉత్సవంలో పొరుగూరి నుంచి ఓబుళక్క అనే రైతు ఒంటరిగా వచ్చి వరుసలో నిలబడింది. నారెప్ప పూజారి చెంబు వెనక్కి తీసుకున్నాడు.

"మీ గట్టు పక్కాయన ఏడమ్మా?"

"ఇల్లు మూసి పిల్లాజెల్లతో పట్నం పాయె సామీ. ఎప్పుడొస్తాడో చెప్పలే."

"మరి ఆయన మొక్క?"

"నా చేలోనే ఉండాది. రెండిటికీ నేనే పోస్తాండా."

పూజారి వెనక్కి తీసుకున్న చెంబు మళ్ళీ ముందుకు తెచ్చాడు. ఆమె దోసిట్లో తన చేత్తోనే తీర్థం పోశాడు. ఆమె తాగి కళ్ళకద్దుకోగానే, ఎవరూ అడగకుండానే పక్కాయన వంతుగా రెండోసారి పోయబోయాడు. ఓబుళక్క ఈసారి దోసిలి పట్టలేదు. తాను తెచ్చుకున్న చిన్న చెంబు ముందుకు చాపి, అందులో పోయించుకొని, చెంబు మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, తొణకకుండా ఆయన మొక్క ఉన్న చేని దారి పట్టింది.